ఒకే ప్రభువుకు రెండు బల్లలా?

ఒంగోలులోని ప్రార్థన కొండ క్రైస్తవులకు పవిత్ర స్థలం. 1854 జనవరి 1న తెల్లవారకముందే నెల్లూరు మిషనుకు చెందిన జూయెట్ దొర దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి మోకరించారు. ఈ ప్రాంతానికి ఒక బోధకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. ఆనాడు అక్కడ గోడ లేదు, గంట లేదు. అయిదుగురు కలిసి ప్రార్థించారు, ఆ చోటు పవిత్రమైంది. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, క్లౌ దొర వచ్చి ఒంగోలులో స్థిరపడ్డారు.

ఆ తొలి రోజుల్లోనే ఒక చిక్కు వచ్చిపడింది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పై కులాల వారు చెప్పారు. అయినా దొర తలుపు మూయలేదు.

ధాత కరువు నాటి సంగతి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలాది మందికి కూలి ఇప్పించారు. కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరువు పనులు జరిగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పనులు ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏటి ఒడ్డుకు కప్పు లేదు. ఎవరికీ వేరే రేవూ లేదు.

ఇంతటి చరిత్ర వున్న జిల్లాలో నేడు జరుగుతున్నదేమిటి? అన్ని ఊళ్ళలోనూ అని కాదు గానీ, చాలా ఊళ్ళలో మాలపల్లికి ఒక మందిరం, మాదిగపల్లికి మరొక మందిరం. చదివే బైబిలు ఒకటే, పాడే పాటలు ఒకటే, ప్రభువు బల్ల మాత్రం రెండు. చివరకు సమాధుల చోటు కూడా వేరు. గడపలో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేవారు కులాన్ని మాత్రం వెంటబెట్టుకుని వెళ్ళడం విచారకరం.

ఆరాధించవలసింది ఈ కొండ మీదా, యెరూషలేములోనా అని సమరయ స్త్రీ బావి దగ్గర అడిగితే, చోటు ముఖ్యం కాదు, ఆత్మతోనూ సత్యంతోనూ ఆరాధించడమే ముఖ్యమని యేసు చెప్పాడు. ఆ మాట చెప్పకముందే, తనవాళ్ళు పొత్తు కలవని జాతి స్త్రీని మంచినీళ్ళు అడిగాడు. ఆ నీళ్ళు అడగడంలోనే జవాబు సగం వుంది.

అన్నం వడ్డించే ముందు తల్లి కళ్ళు మూసుకుంటే ఆ వంటిల్లే మందిరం. నాట్లు వేసే కూలీలు గట్టు మీద ఒకరి సద్ది మరొకరికి పంచితే ఆ గట్టే మందిరం. పక్క పేట వారికి చోటు లేని చోట ఎంత ఖరీదైన రాళ్ళు పరిచినా పవిత్రత నిలవదు.

పాస్టర్లు, సంఘ పెద్దలు ఈ విషయం ఆలోచించవలసిన అవసరం ఎంతైనా వుంది. నెలకు ఒక ఆదివారమైనా రెండు పేటల వారు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఒక నెల ఈ మందిరంలో, మరు నెల ఆ మందిరంలో. దీనికి చందాలు అక్కరలేదు, సర్కారు అనుమతి అక్కరలేదు. వచ్చే క్రిస్మసు నాటికి ఒక్క ఊరు ముందుకు వచ్చినా, మిగతా ఊళ్ళకు అది దారి చూపుతుంది.