సెర్చ్ అంటే... చుట్టూ తిరగడమే!

తొలకరి పడిందంటే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం పొలాల్లో జనం తలలు వంచుకుని నడుస్తుంటారు. జొన్నగిరి, పగిడిరాయి దగ్గరా, పక్కనున్న మద్దికెర మండలంలోనూ ఇదే సందడి. కూలి పనులు మానుకుని సద్దిమూటతో వచ్చేవాళ్లు కొందరు, పొరుగు జిల్లాల నుంచి బస్సెక్కి దిగేవాళ్లు ఇంకొందరు. వాన కడిగిన నేలలో ఓ వజ్రం మెరవకపోతుందా అన్నదే ఆశ!

వాళ్లు చేసే పనికి ఇంగ్లిషులో మాట 'సెర్చ్'. కంప్యూటర్లూ సెల్‌ఫోన్ల పుణ్యమా అని ఇప్పుడది అందరి నోటా నానుతున్నదే. మరి ఎక్కడ పుట్టింది? లాటిన్‌లో వలయాన్ని 'కిర్కుస్' అనేవారు. దాన్నుంచి వచ్చిన క్రియ 'కిర్కారే'... అంటే చుట్టూ తిరగడం. అది పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిషుకు చేరి 'సెర్చ్' అయింది. ఊళ్లో డేరా వేసే సర్కస్, లెక్కల పుస్తకంలోని సర్కిల్... రెండూ దీనికి చుట్టాలే. 'రీసెర్చ్' సరేసరి, ఆ ఇంటి బిడ్డే. ఉన్నచోటే మళ్లీమళ్లీ తిరిగే వజ్రాల వేటగాళ్లను చూస్తే, రోమన్లు ఆ మాట తుగ్గలిలోనే పుట్టించారా అనిపిస్తుంది!

ఈ క్రియతో ఓ చిక్కుంది. 'సెర్చ్ ఫర్ ఎ డైమండ్' అంటే వజ్రం కోసం వెతకడం. 'ఫర్' తీసేసి 'సెర్చ్ ద ఫీల్డ్' అంటే పొలమంతా గాలించడం. పోలీసులు దొంగ 'కోసం' సెర్చ్ చేస్తే అతను ఇంకా దొరకలేదని అర్థం. దొంగనే సెర్చ్ చేస్తే... దొరికాడు, జేబులు తడుముతున్నారని! చిన్న మాటే కానీ తుగ్గలిలో దాని బరువు తెలుస్తుంది. వచ్చినవాళ్లకు వజ్రం 'కోసం' వెతుకులాట. రైతుకు మాత్రం సోదా అయ్యేది తన చేను! విత్తనం వేసే అదను అదే మరి.

తెలుగులో 'గాలించు' సంగతి మరీ తమాషా. బియ్యాన్ని నీళ్లలో గాలిస్తే రాళ్లు అడుగున మిగులుతాయి. వాటిని పారేసి బియ్యం ఉంచుకుంటాం. తుగ్గలిలో గాలించే పని వానది. అక్కడ కావలసిందే ఆ రాయి!

వెతికినవారికి వెతికిందే దొరకాలనీ లేదు. జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు 1929లో వెలుగు చూశాయి. వాటిని గుర్తించింది ఓ భూగర్భ శాస్త్రవేత్త!

సెర్చ్‌కీ 'ఫైండ్'కీ మధ్య దూరం చాలా ఉంది. మొదటిది మనిషి చేతిలో పని. రెండోది కాదు. వజ్రం దొరికినవాడి పేరు మర్నాటికి ఊరంతా పాకుతుంది. రోజుకూలి పోగొట్టుకుని సాయంత్రం ఉత్తచేతులతో బస్సెక్కినవాళ్ల లెక్క మాత్రం ఎవరూ రాయరు.