ఉద్దానం: క్రియాటినిన్ 'నార్మల్' అంటే కిడ్నీ సేఫేనా? రిపోర్టులో చాలామంది చూడని నంబర్ ఇదే!

ఉద్దానం.. ఈ పేరు వినగానే డయాలసిస్ బెడ్లు, పెన్షన్లు, మంచినీళ్ల ప్రాజెక్టులు గుర్తొస్తాయి. ఎన్నికలొస్తే చాలు నేతల ప్రసంగాల్లో మార్మోగే పేరు కూడా ఇదే. కానీ అక్కడి జనం జీవితాలు తిరిగేది ఒక చిన్న నంబర్ చుట్టూ.. అదే సీరం క్రియాటినిన్. చదువు రానివాళ్లకి కూడా అక్కడ ఈ మాట తెలుసు. అయితే ఈ నంబర్ చాలాసార్లు లేటుగా నిజం చెబుతుంది. అసలు సమస్య అక్కడే ఉంది.

ఇప్పటివరకు ఏం జరిగింది?

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ప్రాంతమే ఉద్దానం. ఎటు చూసినా కొబ్బరి, జీడి తోటలే. ఉద్యానవనంలా ఉంటుంది కాబట్టే ఆ పేరొచ్చిందంటారు. అలాంటి చోట షుగర్ లేనివాళ్లకి, బీపీ చరిత్ర లేనివాళ్లకి కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి. బాధితుల్లో తోటల్లో, పొలాల్లో పనిచేసేవాళ్లే ఎక్కువ.

2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురంలో బాధితులతో మాట్లాడాక ఈ సమస్యపై రాష్ట్రమంతా చర్చ మొదలైంది. 2019లో డయాలసిస్ పేషెంట్ల పెన్షన్ నెలకి 10 వేల రూపాయలైంది. 2023 డిసెంబర్ 14న అప్పటి సీఎం జగన్ పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌తో పాటు, హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు తెచ్చే సుమారు 700 కోట్ల ప్రాజెక్టును ప్రారంభించారు.

మరి కారణం? నీళ్లలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో గంటల తరబడి పని, నొప్పి మాత్రలు.. ఇలా చాలావాటిపై అనుమానాలున్నాయి. ఫలానాదే కారణం అని మాత్రం తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. కారణం తేలనప్పుడు మన చేతిలో మిగిలే బలమైన ఆయుధం ఒక్కటే.. త్వరగా కనిపెట్టడం.

రోజుకి 9 వాటర్ క్యాన్లు!

టెస్ట్ అర్థం కావాలంటే ముందు కిడ్నీ పని తెలియాలి. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ఒక్కో నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల ఉండ ఉంటుంది. అదే జల్లెడ. నీళ్లు, ఉప్పు, చక్కెర, యూరియా, క్రియాటినిన్ లాంటి చిన్నవి దాన్ని దాటిపోతాయి. రక్తకణాలు, అల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీన్లు ఆగిపోతాయి.

ఇలా రోజుకి దాదాపు 180 లీటర్లు వడపోత అవుతుంది. అంటే ఇంటికొచ్చే 20 లీటర్ల వాటర్ క్యాన్లు 9 అన్నమాట! మరి యూరిన్‌గా బయటికి వచ్చేది ఒకటిన్నర లీటర్లే కదా? ఎందుకంటే జల్లెడ తర్వాత ఉండే సన్నని గొట్టాలు పనికొచ్చే నీళ్లని, లవణాలని, చక్కెరని మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటాయి. మిగిలిన చెత్తే బయటికి పోతుంది.

1.2 ఉంటే ఓకేనా?

క్రియాటినిన్ అనేది మన కండరాల నుంచి రోజూ తయారయ్యే వ్యర్థం. కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. పంపలేకపోతే రక్తంలో పెరుగుతుంది. లాజిక్ సింపులే. కానీ చిక్కు ఏంటంటే, కొన్ని నెఫ్రాన్లు చనిపోతే మిగతావి ఎక్కువ పని చేసి నెట్టుకొస్తాయి. అందుకే వడపోత శక్తి సగం వరకు పోయినా నంబర్ నార్మల్ రేంజ్‌లోనే కనిపించొచ్చు.

పైగా కండ తక్కువున్న మనిషిలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. బక్కపలచటి కూలీకి, జిమ్‌కి వెళ్లే కుర్రాడికి ఒకే కొలత సరిపోదు.

అందుకే డాక్టర్లు ఈజీఎఫ్ఆర్ చూస్తారు. క్రియాటినిన్‌కి వయసు, ఆడా మగా అన్న వివరం కలిపి కిడ్నీ నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తోందో వేసే అంచనా ఇది. 2021లో వచ్చిన ఫార్ములాతో లెక్కేస్తే.. క్రియాటినిన్ 1.2 ఉన్న 25 ఏళ్ల అబ్బాయికి ఈజీఎఫ్ఆర్ దాదాపు 86. అదే 1.2 ఉన్న 55 ఏళ్ల మహిళకి దాదాపు 53 మాత్రమే! 60 కంటే తక్కువ 3 నెలలకు పైగా కొనసాగితే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. 15 కంటే పడిపోతే చివరి స్టేజ్. నంబర్ ఒకటే.. కథలు వేరు.

యూరిన్ టెస్ట్ ఒక్కటీ చాలదు

జల్లెడకి చిల్లులు పడితే అల్బుమిన్ యూరిన్‌లోకి వస్తుంది. షుగర్ పేషెంట్లలో కిడ్నీ దెబ్బతింటోందని ముందుగా చెప్పేది తరచుగా ఇదే. అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 30 దాటితే జాగ్రత్త పడాలి. కానీ ఉద్దానం తరహా జబ్బులో ఎక్కువగా దెబ్బతినేది జల్లెడ కాదు, దాని తర్వాతి గొట్టాలు. కాబట్టి ప్రొటీన్ పెద్దగా పోదు. స్ట్రిప్ ముంచి "ఏం లేదు" అని ఇంటికి పంపిస్తే జబ్బు తప్పించుకుపోయినట్టే. కాళ్ల వాపు, ఆయాసం, వాంతులు లాంటివి బయటపడేసరికి చాలామందిలో పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

అసలు లోటు ఎక్కడ?

ఆస్పత్రి కావాలి. డయాలసిస్ కావాలి. పెన్షన్ అయితే ఆ కుటుంబాలకి ఊపిరి. ఎవరూ కాదనరు. కానీ డయాలసిస్, దాని పెన్షన్.. రెండూ కిడ్నీ పోయాక అందే సాయమే. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మెషిన్ దగ్గర పడుకునే మనిషి కూలికి ఎలా వెళ్తాడు? తోడుగా వచ్చే భార్య పని కూడా పోతుంది.

దీంతో పోలిస్తే రక్త పరీక్ష ఖర్చు చాలా తక్కువ. ప్రతి క్రియాటినిన్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ తప్పనిసరిగా వేయడం, ఊళ్లోనే మళ్లీ మళ్లీ పరీక్ష చేయడం, పాత నంబర్లు ఒకచోట ఉంచడం.. వీటికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. కాకపోతే వీటికి రిబ్బన్ కటింగ్ ఉండదు, ఫొటో ఉండదు. అందుకేనేమో నేతల ప్రసంగాల్లో ఆస్పత్రి వినిపించినంతగా ఇవి వినిపించవు.

మీరేం చేయాలి?

* రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ ఉందా చూడండి. లేకపోతే ల్యాబ్‌లోనో, డాక్టర్‌నో అడగండి.
* ఒక్క రిపోర్ట్ చూసి కంగారు పడొద్దు. ఒంట్లో నీరు తగ్గినా, ముందురోజు మాంసం ఎక్కువ తిన్నా నంబర్ కాస్త పెరగొచ్చు. డాక్టర్ చెప్పిన టైమ్‌కి మళ్లీ చేయించండి.
* పాత రిపోర్టులు పారేయొద్దు. 0.7 నుంచి 1.4కి వెళ్లిందంటే వడపోత సుమారు సగానికి పడిపోయినట్టు.
* షుగర్, బీపీ ఉన్నవాళ్లు, ఇంట్లో కిడ్నీ పేషెంట్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి రక్తం, యూరిన్ రెండూ టెస్ట్ చేయించుకోవాలి.
* ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి రోజూ మాత్రలు వేసుకునే అలవాటు మానేయండి.

కిడ్నీ చప్పుడు చేయదు. దాని తరఫున మాట్లాడేది ఆ కాగితం మీది నంబరే. దాన్ని సరిగ్గా చదివితే డయాలసిస్‌ని ఏళ్ల తరబడి వెనక్కి నెట్టొచ్చు, కొందరికి ఆ అవసరమే రాకపోవచ్చు. ఉద్దానానికి ఇప్పుడు కావాల్సింది కూడా అదే.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. మీ రిపోర్టుల విషయంలో డాక్టర్ సలహానే పాటించండి.