తల పగులుతదా మామా?

కరెంటు పోయిన రాత్రి. ఇచ్చోడలో మా అక్క కొడుకు, పదకొండేళ్లోడు, ఫోన్‌లో ఇంగ్లిష్ దయ్యాల కామిక్ చదువుతున్నాడు. ‘‘తెలుగుల ఇసొంటివి లేవా మామా?’’ అన్నాడు.

పాత ‘చందమామ’ తెరిచి ఇచ్చా. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం... ఆర్టిస్ట్ శంకర్ గీసిన ఆ బొమ్మ దగ్గరే వాడి వేలు ఆగిపోయింది. కథంతా చదివి, ‘‘జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతదా? చెప్తే శవం మళ్ల చెట్టెక్కుతదా?’’ అన్నాడు.

కిటుకంతా అదే. భయం పేజీ తిప్పిస్తుంది, ప్రశ్న నిద్రపోనివ్వదు. ఉత్త దయ్యమైతే రెండో రోజుకే బోర్!

మనకు కథలు తక్కువా? దగ్గర్లోనే కేస్లాపూర్. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. గోదావరి జలం కోసం మెస్రం వంశీయులు హస్తినమడుగు దాకా నడిచి వెళ్తారు. కిక్రీ వాయిస్తూ ప్రధాన్‌లు పాడే గోండు కథలు సరేసరి. మధ్యప్రదేశ్‌కు చెందిన ప్రధాన్ గోండు కళాకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం అంబేడ్కర్ జీవితాన్ని ‘భీమాయన’ పేరుతో గ్రాఫిక్ నవలగా గీశారు. అది 2011లో వచ్చింది.

మరి మన కథలు గీసేదెవరు? పాడే గొంతు ఆగిపోతే కథా ఆగిపోతుంది. ఈ ఆదివారం మీ తాతనో అమ్మమ్మనో ఒక్క కథ అడగండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి. బొమ్మలు వచ్చినోళ్లు మొదటి పేజీ మొదలుపెట్టండి. మావోడు ఆల్రెడీ పెన్సిల్ చెక్కుతున్నాడు!