తారు పడని దారి మీద అంత ప్రేమెందుకు?

పేపర్ల జిల్లా పేజీల్లో ‘గ్రావెల్’ అన్న మాట కనబడితే దాని పక్కన సాధారణంగా ‘అక్రమ తవ్వకాలు’ అనో ‘లారీలు సీజ్’ అనో ఉంటుంది. ఈ మధ్య నగరాల్లో అదే మాట ఇంకో అర్థంతో తిరుగుతోంది. గ్రావెల్ బైకింగ్. హ్యాండిల్ చూస్తే రేసు సైకిలే, టైర్లు మాత్రం దానికంటే బాగా లావు. ట్యూబు లేకుండా, గాలి కాస్త తక్కువ కొట్టి, కంకర మీదా ఎర్రమట్టి మీదా పోవడానికి చేసిన సైకిలు. దీనికి కావలసిన దారికి రెండే షరతులు. తారు ఉండకూడదు, ట్రాఫిక్ ఉండకూడదు. చుట్టూ కొండలూ అడవీ ఉంటే ఇక చెప్పేదేముంది! అందుకే విశాఖ, హైదరాబాద్ రైడర్ల చూపు పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వైపు తిరిగింది.

సైకిలు మీద నాకేం కోపం లేదు. ఊపిరి పీల్చుకోవడానికి ఒక దారి కావాలనుకోవడం తప్పు కాదు. హైదరాబాదులో సైకిలు తొక్కడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ వేసి, పైన సోలార్ పలకల కప్పు కూడా వేశారు. బాగుంది. అక్కడిదాకా సైకిల్ని కారుకి కట్టి తీసుకెళ్లాల్సి రావడమే తమాషా.

నా పేచీ అంతా ‘ట్రాఫిక్ లేని దారి’ అనే ఆ మెచ్చుకోలుతో. మన్యంలో ఆ దారి మీద ట్రాఫిక్ ఎందుకు లేదో ఒక్కసారి అడిగి చూడండి. కొండ మీది ఊరికి రోడ్డు శాంక్షనవుతుంది. జేసీబీ వచ్చి మట్టి కోస్తుంది. కంకర పరుస్తారు, రోలర్ తిరుగుతుంది. అక్కడ పని ఆగుతుంది. బిల్లు రాలేదంటారు, కాంట్రాక్టర్ వెళ్లిపోయాడంటారు, ఫారెస్టు వాళ్ల అనుమతి రాలేదంటారు. రెండు వానాకాలాలు గడిచాక పైమట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు తేలతాయి. రైడర్ భాషలో అది ‘పర్ఫెక్ట్ గ్రావెల్’. ఊరి భాషలో సగంలో ఆగిపోయిన రోడ్డు.

అసలు శాంక్షనే కానివీ ఉన్నాయి. 2000లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో ఊరు లెక్కలోకి రావాలంటే 250 మంది జనాభా ఉండాలని పెట్టారు. మైదానంలో ఆ అంకె 500 కాబట్టి ఇది ఉదారంగానే కనిపిస్తుంది. కానీ కొండ మీద ఊరంటే చాలాచోట్ల ముప్ఫై నలభై గడపలు. లెక్క అక్కడే తెగిపోయింది. ఆదిమ తెగల ఆవాసాలకి ఆ అంకెని వందకి దించడానికి 2023లో పీఎం జన్‌మన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మధ్య కాలమంతా నొప్పులొచ్చిన మనిషిని కర్రకి దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి, ఇద్దరు భుజాల మీద మోసుకుని దిగారు. ఇప్పటికీ దిగుతున్నారు. ‘డోలీ మోత’ అన్న హెడ్డింగు పేపర్లో కనబడితే మనం పేజీ తిప్పేసేంత అలవాటైపోయింది. ఆ డోలీ దిగే దారీ, మనవాళ్లు ఫొటో తీసి ‘ఒక్క బండి కూడా ఎదురు కాలేదు’ అని మురిసిపోయే దారీ చాలాసార్లు ఒకటే.

ఇంతకీ ట్రాఫిక్ అంటే ఏమిటి? సంత రోజున పొద్దున్నే ఆ దారి చూడండి. పసుపు, మిరియాలు, చింతపండు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని వరసగా దిగే ఆడవాళ్లు, టాపు మీద కూడా జనంతో వచ్చే జీపు, మేకల్ని తోలుకొచ్చే పిల్లలు. అది ట్రాఫిక్ లెక్కలోకి రాదు. ఎందుకంటే స్ట్రావా హీట్‌మ్యాప్‌లో వెలిగేది ఆ యాప్ వాడేవాళ్ల కదలికే. తరతరాలుగా రోజూ నడిచే పాదాలు అందులో చీకటి. ఆ చీకటిని చూసి ‘ఇంకా ఎవరూ కనిపెట్టని రూట్’ అంటాం. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ‘ట్రాక్’ అనే గుర్తు పొలం పనికీ అడవి పనికీ వాడే దారుల కోసం పెట్టింది. ఊరికి ఉన్న ఒక్కగానొక్క రోడ్డుకి కూడా ఆ గుర్తే తగిలించేస్తే, దూరాన కూర్చుని రూటు గీసేవాడికి అక్కడ ఊరుందనే అనిపించదు.

బయటి దేశాల ఉదాహరణలు తెచ్చేవాళ్లున్నారు, సరే. జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌లో కలప లారీల కోసం వేసిన కంకర దారులు అడవంతా ఉన్నాయి. మామూలు బళ్లని వాటి మీదకి రానివ్వరు. సైకిళ్లకి కూడా రూలుంది. రెండు మీటర్లకంటే సన్నటి కాలిబాటల్లోకి అవి దిగకూడదు. ఆ అడవి పక్కన ఊళ్లకి తారు రోడ్డు విడిగా ఉంది, బస్సుంది, రైలుంది. అక్కడ రాత్రి బస చేసిన అతిథికి చాలా ఊళ్లలో ఒక కార్డిస్తారు, దానితో ఆ బస్సులూ రైళ్లూ టికెట్ లేకుండా ఎక్కచ్చు. అంటే ముందు ఊరికి ఇవ్వాల్సింది ఇచ్చి, తర్వాత అడవి దారిని ఖాళీగా ఉంచుకున్నారు. ఇక్కడ ఏమీ ఇవ్వకపోవడం వల్ల దారి ఖాళీగా మిగిలింది. ఫొటోలో రెండూ ఒకేలా పడతాయి.

ఈ ఆటకి పెద్ద పండగలాంటి రేసు ఒకటి 2006లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఎంపోరియా అనే ఊళ్లో మొదలైంది. దాని పేరు అప్పట్లో ‘డర్టీ కాంజా’. కాంజా అంటే ఆ నేల మీద బతికిన కా తెగవాళ్లు. రాష్ట్రం పేరు కూడా వాళ్లదే. ఆ కొండలు రాతినేల కాబట్టి నాగలి దిగక పశువుల మేతకి మిగిలాయి, నిజమే. దానికి ముందు, 1873లో, ఆ తెగ మొత్తాన్ని అక్కడినుంచి ఇప్పటి ఓక్లహోమాకి పంపించేశారు. విశాలమైన ఖాళీ నేల, ముందు ‘డర్టీ’ తగిలించిన వాళ్ల పేరు, దాని మీద రేసు! విమర్శలొచ్చాక 2020లో ఆ పేరు తీసేసి ‘అన్‌బౌండ్ గ్రావెల్’ అన్నారు. మనకి మార్చడానికి పేరు కూడా లేదు, ఒక వైఖరి ఉందంతే.

ఆ వైఖరి సైక్లిస్టులు కనిపెట్టింది కాదు. సాహిత్యం చదివేవాళ్లం మనమూ దాన్ని పెంచాం. బిభూతిభూషణ్ నవలని సూరంపూడి సీతారాం ‘వనవాసి’గా మనకిచ్చారు. మనలో ఎంతమంది ఇష్టమైన పుస్తకాల్లో అది లేదు? గుర్రం మీద వెన్నెట్లో అడవి దాటే సత్యచరణ్ మనకి గుర్తుంటాడు. అతను ఆ అడవిని కౌలుకిచ్చి కొట్టించడానికొచ్చిన ఎస్టేటు మేనేజరన్న సంగతీ, అక్కడి మనుషులకి అన్నం దొరకడమే పండగన్న సంగతీ ఎంతమందికి గుర్తున్నాయి? రచయిత వాటిని దాచలేదు. మనమే వెన్నెల ఉన్న పేజీలు మడిచి పెట్టుకున్నాం.

దీనికో ఎదురు ప్రశ్న ఉంది, తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తారు పడితే అంబులెన్సు ఒక్కటే వస్తుందా? రాదు. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున మంచు కోసం బారులు తీరే కార్లని చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రోడ్డంటే మన్యం భయపడ్డ కాలం కూడా ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత చేయించుకున్న చాకిరీ, 1922 తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో ఒకటి. ఆ ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట కొట్టింది చింతపల్లి పోలీసు స్టేషన్నే. వందేళ్ల తర్వాత, 2022లో, జిల్లాకి ఆయన పేరు పెట్టాం.

కాబట్టి ప్రతి కొండకీ తారు పూయమని నేననను. వద్దనే హక్కు ఎవరిదన్నదే నా ప్రశ్న. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) దీనికి ఒక జవాబిచ్చింది. రోడ్డులాంటి పదమూడు సౌకర్యాల కోసం, ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి, హెక్టారుకి 75 చెట్లు మించకుండా, గ్రామసభ సిఫారసు చేస్తే ఇవ్వచ్చు. ‘అడవిలో కుదరదు’ అని ఫైలు మూసేసేవాళ్లకి ఆ సెక్షన్ తెలియక కాదు. రోడ్డు కావాలో, ఎంత వెడల్పు కావాలో, టూరిస్టు బళ్లకి గేటు పెట్టాలో వద్దో ఆ సభ కూర్చుని తేల్చుకోవాలి. ‘అయ్యో, ఇక్కడ కూడా తారేశారా’ అని వారాంతంలో వచ్చిపోయేవాడు నిట్టూర్చడం మాత్రం నాకు వినబుద్ధి కాదు. ఆ రూటు పోయిందా? పోనీండి. మీ మ్యాపులోంచి తీసేయండి. తొక్కడానికి కాఫీ తోటల మధ్య దారులున్నాయి, తారు రోడ్డు పడ్డాక పక్కకి మిగిలిపోయిన పాత బాటలున్నాయి. ఊళ్లో అడిగి, ఒప్పుకుంటే తొక్కండి.

రూట్లు రాసేవాళ్లకి ఇంకో మాట. మీ సీజన్ నవంబరు నుంచి ఫిబ్రవరి. ఆ నాలుగు నెలల్లో ప్రతి గెడ్డా సైకిలు భుజానేసుకుని నవ్వుతూ దాటేంతే ఉంటుంది. ఎత్తెంత ఎక్కామో, ఎన్ని కిలోమీటర్లో, టీ ఎక్కడ దొరుకుతుందో అన్నీ రాస్తారు. జులైలో ఆ గెడ్డ ఎంత లోతు పారుతుందో, దాని మీద కల్వర్టు ఉందో లేదో, దగ్గరి పీహెచ్‌సీ ఎన్ని కిలోమీటర్లో కూడా ఆ ఊరివాళ్లని అడిగి ఒక లైను రాయండి. అంత బాగా మ్యాపులు గీయడం వచ్చినవాళ్లు మీరు. గ్రామసభ అర్జీకి జతచేయడానికి అంతకంటే పనికొచ్చే కాగితం ఉండదు.