కట్టు విప్పిన మర్నాడు

వర్షాకాలంలో పిట్టలవానిపాలెం, చందోలు ప్రాంతాల పొలం గట్లు ఎంత జారుడుగా ఉంటాయో ఆ దారిన నడిచేవారికి చెప్పనక్కరలేదు. గట్టు మీద కాలు జారినా, ఇంట్లో స్నానాల గదిలో పడినా ఎముక విరగడానికి క్షణం చాలు. ఆ తరువాత వారాల తరబడి సిమెంటు కట్టు. కొందరు పుత్తూరు కట్టు కోసం అంత దూరమూ వెళ్లి వస్తారు. కట్టు ఏదైనా, దానిని విప్పిన రోజున ఇంటిల్లిపాదీ "అల్‌హమ్దులిల్లాహ్, గండం గడిచింది" అని ఊపిరి పీల్చుకుంటాము. ఎముక అతికింది, నిజమే. సన్నబడిన కండరాన్ని తిరిగి నిలబెట్టే పని మాత్రం ఆ రోజే మొదలవుతుంది.

పనిలేని కండరాన్ని శరీరం పోషించదు. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన పురుషుల ఒక కాలిని రెండు వారాలు కదలకుండా ఉంచి, ఫలితాలను 2015లో ప్రకటించారు. యువకులు ఆ కాలి బలంలో మూడో వంతు, వృద్ధులు సుమారు నాలుగో వంతు కోల్పోయారు. తరువాత ఆరు వారాలు సైకిలు తొక్కించగా కండ తిరిగి వచ్చింది గాని, బలం పూర్తిగా రాలేదు. కండరానికి బరువు మోసే పని కూడా కావాలన్నమాట. యువకుల వద్ద బలం నిల్వ ఎక్కువ. వృద్ధులకు ఆ నాలుగో వంతే నడకకూ మంచానికీ మధ్య తేడా కావచ్చు.

అయితే వయసు మీరిందని నిరాశ చెందనవసరం లేదు. బోస్టన్‌లో సగటున 90 ఏళ్ల వయసున్న బలహీన వృద్ధుల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించగా, వారి బలం రెట్టింపుకు మించి పెరిగిందని 1990లో వెల్లడైంది.

కట్టు ఉన్నప్పుడే వైద్యుని అనుమతితో వేళ్లు కదిలించాలి. కట్టులోని తొడ కండరాన్ని ఐదు సెకన్లు బిగించి వదలాలి. మంచి కాలికి, చేతికి వ్యాయామం ఆపకూడదు. దాని మేలు కట్టులోని అవయవానికి కూడా కొంత అందుతుంది.

కట్టు విప్పాక, బరువు మోపవచ్చని వైద్యుడు చెప్పిన తరువాత, గోడకు ఆనించిన కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం మొదలుపెట్టాలి. కుర్చీలో కూర్చుని మోకాలు చాపడం తేలికయ్యాక, చీలమండకు అరకిలో ఇసుక మూట కట్టుకోవచ్చు. చేయి విరిగినవారు తడిగుడ్డ పిండడం, నీళ్ల సీసా ఎత్తడం చేయవచ్చు. ఒక్కోటి పదిసార్లు, రోజు విడిచి రోజు. చివరి రెండుసార్లు కష్టమనిపించాలి. పదీ సులువైతే బరువు కొద్దిగా పెంచాలి. పప్పు, గుడ్డు, చేప, పాలు పూటపూటా ఏదో ఒకటి ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి తినాలి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రోగికి కూర్చుని నమాజు చేసే వెసులుబాటు ఉంది. అయినా మళ్లీ నేల మీద సజ్దా చేయాలన్నది మన పెద్దల తీరని కోరిక. సజ్దా నుంచి లేపేది తొడ కండరమే. కుర్చీలోంచి లేచే ప్రతిసారీ ఆ కండరం కొంత బలపడుతుంది.

ఇక్కడ అడ్డుపడేది ఒక్కోసారి మన ప్రేమే. "దాదీ, మీరు కూర్చోండి, నీళ్లు మేం తెస్తాం" అంటాము. మంచి ఉద్దేశమే, కాని ఆ పది అడుగులే ఆమెకు ఔషధం. మేము మనవి చేసేది ఇంతే: ఆమెను కూర్చోబెట్టకండి. పక్కన నిలబడి, పడకుండా చూస్తూ, నీళ్ల కుండ దాకా ఆమెనే నడవనివ్వండి.