వ్యంగ్యచిత్రం: గీతకు గురి ఏది?

పత్రిక చేతికి అందగానే సంపాదకీయం చదవకుండా పుట తిప్పేవారు చాలామంది ఉంటారు. వ్యంగ్యచిత్రం చూడకుండా తిప్పేవారు అరుదు. అయినా మన విద్యాసంస్థలలో దానిని రాజకీయ వ్యాఖ్యగా పరిగణించి చర్చించే అలవాటు ఇంకా ఏర్పడలేదు. అది నవ్వుకొని పక్కన పెట్టవలసిన వస్తువని కొందరి భావం. లేనిపోని తగాదాలు తెచ్చిపెట్టే వస్తువని మరికొందరి భయం. ఈ రెండూ సరికావని మా అభిప్రాయం. అమెరికా రాజకీయాలపై చిత్రకారులు చేసిన వ్యాఖ్యను ఉదాహరణగా తీసుకొని, ఈ విషయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము.

అమెరికా గొడవ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో పిల్లలు అక్కడ చదువుకొంటున్న ఇళ్ళు, ఉద్యోగాలు చేస్తున్న ఇళ్ళు తక్కువేమీ కావు. కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ 2025 సెప్టెంబరు 19న అక్కడి అధ్యక్షుడు ఉత్తర్వు చేస్తే, ఆ రాత్రి ఇక్కడి తల్లిదండ్రులకు నిద్ర పట్టలేదు. మన బ్రతుకులను తాకే రాజకీయాన్ని అక్కడివారు ఎట్లా ప్రశ్నించినారో తెలుసుకోవడం మనకు అవసరమే.

ఆ దేశంలో రాజకీయ వ్యంగ్యచిత్రానికి పెద్దదిక్కు థామస్ నాస్ట్. 1840లో జర్మనీలో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరిన వలస బిడ్డ. న్యూయార్కు నగర పాలనను గుప్పిట పెట్టుకొని ప్రజాధనాన్ని కొల్లగొట్టిన విలియం ట్వీడ్ ముఠాపై 1871లో అతడు ‘హార్పర్స్ వీక్లీ’లో వరుసగా చిత్రాలు గీసినాడు. పత్రికల వ్రాతలను తాను లెక్కచేయననీ, తనను గెలిపించేవారిలో చాలామందికి చదువు రాదనీ, కాని ఆ బొమ్మలను మాత్రం ఆపించాలనీ ట్వీడ్ వాపోయినట్లు చెప్పుకొంటారు. 1873లో అతనికి శిక్ష పడింది. తరువాత నిర్బంధం నుంచి తప్పించుకొని స్పెయిన్‌కు పారిపోతే, 1876లో అక్కడి అధికారులు నాస్ట్ బొమ్మను చూసి అతణ్ణి గుర్తుపట్టినారని ప్రసిద్ధి. రిపబ్లికన్ పార్టీకి ఏనుగును 1874లో అంటగట్టినదీ, డెమొక్రాట్ల గాడిదకు ప్రచారం తెచ్చినదీ ఇతడే.

బొమ్మకున్న ఈ శక్తి మన ప్రాంతానికి కొత్తది కాదు. 1952 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలలో పెట్టెలపై ఉన్న గుర్తులను చూసి, అక్షరం రాని లక్షలాది మంది ఓటు వేసినారు. ఆ ఎన్నికలలోనే నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డిగారిని నెహ్రూగారికంటె ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపినారు. చదువు రానివాడికి వివేకం లేదనుకొనేవారికి ఇంతకంటె సమాధానం అక్కరలేదు.

అయితే నాస్ట్ కథలో మరొక పుట ఉన్నది. దానిని దాచిపెట్టి అతణ్ణి పొగడడం న్యాయం కాదు. ట్వీడ్‌ను తూర్పారబట్టిన ఆ 1871లోనే, సెప్టెంబరు 30న, అతడు ‘అమెరికా గంగానది’ అనే చిత్రం ప్రచురించినాడు. అందులో కాథలిక్కు మతాచార్యులు మొసళ్ళ రూపంలో ఒడ్డుకు పాకుతూ బడిపిల్లల మీదికి వస్తూ ఉంటారు. వారి తలపై కిరీటాలే మొసలి నోళ్ళు. మన దేశపు తల్లులు బిడ్డలను గంగలో మొసళ్ళకు వేస్తారని ఆనాడు పాశ్చాత్య దేశాలలో ప్రచారంలో ఉన్న కట్టుకథ ఆ పేరు వెనుక ఉన్నది. ఒక్క బొమ్మతో రెండు జాతులకు అవమానం! ఐర్లండు నుంచి వచ్చిన కూలీలను కోతి ముఖాలతో గీసినదీ ఇతడే. చిత్రమేమంటే, అదే ఏడాది ఫిబ్రవరిలో, మూకదాడికి గురైన చైనా వలస కూలీకి అండగా నిలిచి గొప్ప చిత్రం గీసినదీ ఇతడే. కలం ఒకటే, చేయి ఒకటే, మారినదల్లా గురి.

ఇక్కడనే మనకు కొలబద్ద దొరుకుతున్నది. ట్వీడ్ చిత్రంలో నాస్ట్ ఒక మనిషి చేసిన పనిని గీసినాడు. మొసళ్ళ చిత్రంలో ఒక సమూహపు పుట్టుకను గీసినాడు. మొదటిది విమర్శ, రెండవది ద్వేషం. ఈ తేడా ముస్లిములమైన మనకు పుస్తకాలలో చదివి నేర్చుకోవలసిన పాఠం కాదు. 2001 సెప్టెంబరు 11 దుర్ఘటన తరువాత గడ్డం, తలపాగా అనే రెండు గీతలు చాలు, ఎవరినైనా శత్రువుగా చూపడానికి అన్నట్లు ఎన్నో చిత్రాలు వెలువడినాయి. నాలుగు రోజులు తిరగకముందే అరిజోనా రాష్ట్రంలో తలపాగా ధరించిన ఒక సిక్కు వ్యాపారిని ముస్లిమనుకొని కాల్చి చంపినారు. మనిషిని చూడకుండా గుర్తును మాత్రమే చూడడం ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి ఆ ఒక్క మరణం చాలు.

అట్లని వ్యంగ్యచిత్రాన్నే నిషేధించుకొంటే మనం కూడా ఆ తేడాను చెరిపివేసినవారమే అవుతాము. ఎమర్జెన్సీ కాలంలో, 1975 డిసెంబరు 10న, ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’లో అబూ అబ్రహాం ఒక చిత్రం గీసినారు. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌గారు స్నానాల తొట్టిలో ఉండగానే ఆర్డినెన్సుపై సంతకం చేసి తలుపు వారగా అందిస్తున్నట్లు ఆ చిత్రం. ఆయన ముస్లిము. అయినా ఆ బొమ్మలో ఆయన మతం లేదు. ఆ పదవిలో ఉండి చేసిన సంతకం ఉన్నది. యాభై ఏండ్లు గడిచినా ఆ చిత్రం చరిత్రకు సాక్ష్యంగా నిలిచి ఉండడానికి కారణమిదే.

మన రెండు భాషలకూ ఈ విద్య పరాయిది కాదు. 1877లో లక్నోలో మున్షీ సజ్జాద్ హుసేన్ స్థాపించిన ‘అవధ్ పంచ్’ ఉర్దూలో వ్యంగ్యచిత్రానికి బాట వేసింది. హైదరాబాదులో 1968లో ప్రారంభమైన ‘షగూఫా’ హాస్యవ్యంగ్యాలకే అంకితమైన మాసపత్రిక. తెలుగులో తలిశెట్టి రామారావుగారు తొలినాటి కార్టూనిస్టుగా ప్రసిద్ధులు. బాపు, మోహన్, శ్రీధర్ మొదలైనవారు ఆ బాటను రాజబాట చేసినారు. మన నల్లగొండ ప్రాంతం నుంచి వచ్చిన పామర్తి శంకర్‌గారు నెల్సన్ మండేలా చిత్రానికి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో అత్యున్నత బహుమతి గెలుచుకొన్నారు. నల్లగొండ గీత ప్రపంచం మెచ్చినదైతే, మన సంచికలో దానికి చోటెందుకు లేదు?

నేడు ఈ కళ మరొక మెట్టు ఎక్కింది. ఒక్క చిత్రంతో చురక వేయడమే కాక, జరిగిన సంగతిని ఆధారాలతో, పుటల కొద్దీ బొమ్మలతో చెప్పే చిత్రకథనం ఏర్పడింది. 1965 మార్చి 7న సెల్మా వంతెనపై ఓటుహక్కు కోసం నడుస్తూ లాఠీదెబ్బలకు తల పగిలిన జాన్ లూయిస్, తరువాత అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడైనాడు. అతడు సహ రచయితతో, చిత్రకారునితో కలిసి ‘మార్చ్’ పేరిట తన ఉద్యమ జీవితాన్ని మూడు సంపుటాల చిత్రకథగా వెలువరించినాడు. మూడవదానికి 2016లో నేషనల్ బుక్ అవార్డు లభించింది. యువకుడుగా ఉన్నప్పుడు అతణ్ణి ప్రభావితం చేసినది 1957లో వచ్చిన ఒక చిన్న బొమ్మల పుస్తకం. మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణను అది సామాన్యుని భాషలో చెప్పింది.

పులిట్జర్ బహుమతి సంస్థవారు 1922 నుంచి ఇస్తూ వచ్చిన కార్టూన్ బహుమతిని 2022లో సచిత్ర వార్తాకథన, వ్యాఖ్యల బహుమతిగా మార్చినారు. ఆ మొదటి ఏడాదే, చైనాలో వీగర్ ముస్లిముల నిర్బంధ శిబిరాలపై వచ్చిన చిత్రకథనానికి అది దక్కింది. దాని బొమ్మలు గీసినది బంగ్లాదేశ్‌లో పుట్టిన ఫహ్మీదా అజీమ్ అనే యువతి. మన విద్యార్థినులు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

ఈ మార్గంలో కష్టం లేదని మేము అనడం లేదు. పత్రిక యజమానితో సహా కోటీశ్వరులు ట్రంప్ విగ్రహం ముందు మోకరిల్లినట్లు గీసిన చిత్రాన్ని ‘వాషింగ్టన్ పోస్ట్’ ప్రచురించకపోగా, 2025 జనవరిలో యాన్ టెల్నెస్ ఉద్యోగం వదులుకొన్నది. ఆ ఏడాదే ఆమెకు పులిట్జర్ వచ్చింది. అంతకంటె ఎంతో ముందు, ఇక్కడ, రజాకార్ల దౌర్జన్యాన్ని తన ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రికలో ఖండించినందుకు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో ప్రాణమే ఇచ్చినాడు. తనవారిలోనివారు చేసినా తప్పును తప్పన్న ఆ సంపాదకుని వారసులం మనం. ఒక బొమ్మకు వెరవడం మనకు శోభించదు.

కనుక కమిటీ పెద్దలకు మా మనవి. వచ్చే సంచికలో వ్యాసాలతో, కవితలతో, గజళ్ళతో పాటు వ్యంగ్యచిత్రాలకు, చిత్రకథనాలకు కూడా కొన్ని పుటలు కేటాయించండి. పరిశీలించే అధ్యాపకులు రెండు ప్రశ్నలు వేస్తే చాలు: ఇందులో గీసినది చేసిన పనినా, పుట్టుకనా? చెప్పినదానికి ఆధారం ఉన్నదా? ఈ రెండు గట్లు దాటి వచ్చిన చిత్రాన్ని, అది ఎవరికి నచ్చకపోయినా, ఆపకండి.

విద్యార్థులకు వస్తువు వెతుక్కోవలసిన పని లేదు. ఫ్లోరైడ్ నీటి గోడు దేశానికి వినిపించడానికి 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేసినారు, ఓటుపత్రమే పుస్తకమైంది. అంతకు మించిన వ్యంగ్యచిత్రం ఏ చిత్రకారుడు గీయగలడు? ఆ కథను పెద్దలను అడిగి, కాగితాలు వెదికి, బొమ్మలుగా కూర్చండి. మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ దినచర్యను, వీసా కోసం ఎదురుచూసే కోదాడ ఇంటిని గీయండి. ఉర్దూలో వ్రాయండి, తెలుగులో వ్రాయండి. గీతకు లిపి భేదం లేదు. అధికారంలో ఉన్నవాడు మీ బొమ్మ చూసి ముఖం చిట్లించినా ఫరవాలేదు. పక్క బెంచీలోని సహాధ్యాయి, అతడు ఏ మతంవాడైనా, మీ బొమ్మ చూసి తలవంచుకొనే పరిస్థితి మాత్రం రానీయకండి.