టైల్స్ కింద రెండు అంగుళాలు

ఇల్లు బాగు చేయించేటప్పుడు టైల్స్ డిజైన్ గురించి వారం రోజులు చర్చిస్తాం. కమోడ్ కింద పైపు ఎంత ఎత్తులో ఉందో మాత్రం ఒక్క నిమిషం కూడా అడగం. అడగాలని చెప్పడానికే ఇది రాస్తున్నా. టాపిక్ చూసి నవ్వకండి.

గుంతకల్లులో మా ఇంటి బాత్‌రూమ్‌కి పాత బేతంచెర్ల బండలుండేవి. అవి నున్నగా అరిగిపోయి మా అవ్వ రెండుసార్లు జారింది. అందుకని కమోడ్ తీయించి, బండల మీదే మాలు వేయించి, జారని టైల్స్ పరిపించాం. నేల దాదాపు రెండు అంగుళాలు లేచింది. దాంతోపాటు కమోడ్ కూడా లేచింది. కింద నాలుగంగుళాల పైపు మూతి మాత్రం పాత చోటే ఉండిపోయింది. ఆ సందులో తెల్ల సిమెంటు కూరి కమోడ్ కూర్చోబెట్టారు. "ఏం కాదులేప్పా, గట్టిగా పట్టుకుంటాది" అన్నాడు బిగించినాయన.

నెల తిరక్కముందే వాసన మొదలైంది. ఫినాయిల్ పోశాం, యాసిడ్ పోశాం. అవ్వేమో అది తన వల్లే అనుకుంది. వెళ్లినప్పుడల్లా రెండు బకెట్లు పోసేది. చుట్టాలొస్తే సాయంత్రం దాకా నీళ్లు తాగేది కాదు. ఏడాదికి 550 మి.మీ. దగ్గర వాన పడే ప్రాంతం మాది. చెంబు నీళ్లు కూడా వృథా చేయని మనిషి ఆమె. నేను సెలవులకి వెళ్లినప్పుడు "శుభ్రంగా ఉండేదానికి కూడా చేతగాకుండా పోయింది నాకు" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

నిజానికి ఆ నీళ్లన్నీ దండగ. కమోడ్ లోపలి వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. పైపులోని గాలి ఇంట్లోకి రాకుండా ఆపేవి అవే. మా లీకు ఆ వంపు దాటాక ఉంది. తలుపుకి తాళం వేసి, పక్క గోడకి కంత వదిలేసినట్టు. తెల్ల సిమెంటు సాగదు. మనిషి కూర్చుని లేచేటప్పుడు కమోడ్ వెంట్రుకవాసి కదిలినా పగులుతుంది.

అమెరికాలో పైపు మూతికి ఫ్లాంజ్ అనే రింగు బిగించి, దాని మీద మైనం రింగు పెట్టి కమోడ్ కూర్చోబెడతారు. కొత్త నేల వేశాక ఫ్లాంజ్ కిందికి ఉండిపోతే, ఎత్తు పెంచే రింగులు షాపుల్లో దొరుకుతాయి. మన దగ్గర ఫ్లాంజ్ వాడకం తక్కువే కానీ సూత్రం ఒకటే: నేల లేస్తే పైపు మూతి కూడా లేవాలి.

చివరికి ఇంకో ప్లంబర్ వచ్చి కమోడ్ తీశాడు. సిమెంటు కొట్టి, పైపు చుట్టూ కొంచెం తవ్వి, కప్లింగ్‌తో చిన్న పీవీసీ ముక్క అతికించి టైల్ మట్టానికి తెచ్చాడు. రబ్బరు కాలర్ పెట్టి, కమోడ్‌ని స్క్రూలతో బిగించాడు. వాసన పోయింది. కానీ రెండు కొత్త టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది. ముందే చేసుంటే అరగంట పని.

తప్పు ఒక్కరిదే అనను. బేల్దారికి చదరపు అడుగు లెక్కన డబ్బులు, ప్లంబర్‌కి ఫిట్టింగ్ లెక్కన. మధ్యలో ఉన్న రెండు అంగుళాలు ఎవరి లెక్కలోనూ లేవు. మేమూ అడగలేదు. మన కోడ్‌లోనూ అంతే కదా, రెండు మాడ్యూల్స్ విడివిడిగా బాగానే రన్ అవుతాయి, కలిపిన చోట బగ్ వస్తుంది. అక్కడ టెస్ట్ చేస్తాం. ఇంట్లో చేయం.

ఈ సెలవుల్లో మీ ఇంట్లో టైల్స్ పని జరుగుతుంటే, కమోడ్ కూర్చోబెట్టే ముందు ఒక స్కేలు తీసుకెళ్లి పైపు మూతి టైల్ కంటే ఎంత కింద ఉందో కొలవండి. కిందికుంటే, సరిచేసేదాకా పని ఆపించండి. పెద్దవాళ్లున్న ఇంట్లో అయితే తప్పకుండా ఆపించండి. వాసన వస్తే వాళ్లు పైపుని అనుమానించరు, తమనే అనుమానించుకుంటారు.